పఠన గోష్ఠికి మూడు నవలలు: గ్రంథసాక్ష్యం, శిలాసాక్ష్యం

బౌద్ధ నేపథ్యం గల నవలలను పఠన గోష్ఠికి ఎంపిక చేసినప్పుడు అభిప్రాయభేదాలు తలెత్తడం సహజం. హెర్మన్ హెస్సె ‘సిద్ధార్థ’ (1922), యశ్‌పాల్ ‘దివ్య’ (1945), అడివి బాపిరాజు ‘అడవి శాంతిశ్రీ’ అనే మూడింటిని ఒకే వరుసలో ఉంచితే మూడు రకాల తీర్పులకు అవకాశం ఉంది. మొదటిది బుద్ధుని కథే కాదనీ, రెండవది సంఘాన్ని నిందించే రచన కనుక పట్టికలో ఉండరాదనీ, మూడవది మన నేల కథ కనుక తప్పక చదవాలనీ. ఈ తీర్పులన్నింటి వెనుక ఉన్న ప్రశ్న ఒక్కటే: నవల బౌద్ధానికి విధేయంగా ఉన్నదా? దానికి బదులు, నవల ఏ సాక్ష్యాన్ని ఎదుర్కొన్నది అని అడగడం మేలు. అప్పుడు నిందకు గురైన నవలే గోష్ఠికి అన్నింటికంటె అవసరమైనదని తేలుతుంది.

హెస్సె కథానాయకుడు గౌతముడు కాడు. ఆయన పూర్వనామం ధరించిన మరొక బ్రాహ్మణ యువకుడు. జేతవనంలో గౌతముని బోధ విని మిత్రుడు గోవిందుడు సంఘంలో చేరగా, సిద్ధార్థుడు తన దారిన తాను వెళ్లిపోతాడు. బుద్ధుని పట్ల అతనికి గౌరవమే గాని తిరస్కారం లేదు. స్వానుభవంతో లభించిన జ్ఞానం ఒకరి మాటల ద్వారా మరొకరికి అందదన్నది అతని వాదం. కాబట్టి ఈ నవల బుద్ధుని అవమానించిందనే ఆక్షేపణ నిలువదు. అసలు లోపం వేరొకచోట ఉంది. ఇందులో సంఘం కాషాయవస్త్రధారుల సమూహంగా మాత్రమే కనిపిస్తుంది. జేతవనంగా గుర్తించిన సహేత్ దిబ్బలలో బయల్పడిన విహారాల, స్తూపాల శిథిలాలు ఎన్నో తరాల భిక్షువుల, దాతల సహజీవనానికి గుర్తులు. ఆ సహజీవనం హెస్సె దృష్టిలో పడలేదు. ఆయన అన్వేషి ప్రథమ ప్రపంచయుద్ధానంతర యూరప్‌లోని ఒంటరి మనిషి.

యశ్‌పాల్ నవలలో సంఘం కథామధ్యంలోనే నిలుస్తుంది. కథ ‘మిలిందపఞ్హ’కు రంగస్థలమైన సాగల నగరంలో మొదలవుతుంది. ధర్మస్థుని కుటుంబంలో పుట్టిన దివ్య, దాసకుల మూలం గల పృథుసేనుని ప్రేమించి, గర్భవతియై, నిరాదరణకు గురై, చివరకు దాసిగా అమ్ముడుపోతుంది. పసిబిడ్డతో పారిపోయి విహారద్వారం వద్ద శరణు కోరుతుంది. తండ్రి, భర్త, యజమాని వంటి సంరక్షకుల అనుమతి లేనిదే స్త్రీకి సంఘంలో చోటు లేదని స్థవిరుడు చెబుతాడు. వేశ్య అయిన అంబపాలికి తథాగతుడు శరణు ఇవ్వలేదా అన్న ప్రశ్నకు, వేశ్య స్వతంత్ర కదా అన్నది సమాధానం. ఆ తరువాతి కాలంలో ప్రాణభయంతో వచ్చిన పృథుసేనునికి మాత్రం విహారమే ఆశ్రయమిస్తుంది. ముగింపులో భిక్షువైన అతడు శరణుకు పిలిచినా దివ్య వెళ్లదు. లోకాయత మతస్థుడైన మారీశుని సాహచర్యాన్నే ఎంచుకొంటుంది.

మార్క్సిస్టు రచయిత బౌద్ధంపై కక్షతో ఈ ఘట్టాన్ని కల్పించాడనే విమర్శకు వినయపిటకమే సమాధానం. దాసులకు ప్రవ్రజ్య నిషిద్ధం. స్త్రీకి ఉపసంపద ఇవ్వడానికి తల్లిదండ్రుల, భర్త అనుమతి అవసరం. రాహులుని ప్రవ్రజ్యకు దుఃఖించిన శుద్ధోదనుని అభ్యర్థనపై తల్లిదండ్రుల అనుమతి నియమం ఏర్పడిందని ‘మహావగ్గ’ చెబుతుంది. ఒక తాత వేదన నుండి పుట్టిన నియమం, తండ్రికి దూరమైన కూతురికి తలుపు మూయగలదన్నదే యశ్‌పాల్ పట్టుకొన్న విషయం. తన రచన చరిత్ర కాదనీ, చారిత్రక కల్పన మాత్రమేననీ ఆయన ముందుమాటలోనే స్పష్టం చేశాడు. అయితే ఆ కల్పన ఆనుకొని నిలిచిన గోడ మాత్రం నిజమైనది.

గ్రంథం చెప్పినదే మొత్తం చరిత్ర కాదు. సాంచీ, అమరావతి శిల్పఖండాలపై దాతలుగా భిక్షుణుల పేర్లు అనేకం ఉన్నాయి. నాగార్జునకొండ మహాచైత్య నిర్మాణానికి ప్రధాన దాత వాసిష్ఠీపుత్ర చాంతమూలుని సోదరి చాంతిసిరి. సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించినది బోధిసిరి అనే ఉపాసిక. స్త్రీలకు బౌద్ధంలో చోటే లేదని ‘దివ్య’ చదివి నిర్ణయించేవారికి ఈ రాళ్లు గట్టి సమాధానం.

‘అడవి శాంతిశ్రీ’ ఈ రాళ్ల నుండే పుట్టింది. మహాచైత్య ఆయక స్తంభాలలో ఒకదానిపై అడవి చాంతిసిరి అనే దాత పేరు ఉంది. చాంతమూలుని కుమార్తె, వీరపురుషదత్తుని సోదరి, ధనక వంశీయుడైన మహాసేనాపతి స్కందవిశాఖుని భార్య అన్నది ఆమె పరిచయం. శాసనం ఇచ్చినది బంధుత్వాలనే. ఆమె ఏమి కోరుకొన్నదో చెప్పలేదు. ఆ మౌనంలో బాపిరాజు ఒక స్త్రీ హృదయాన్ని ఊహించాడు. శృంగారం పాలు అధికమనే ఆక్షేపణ ఉన్నప్పటికీ, శాసనంలోని పేరును మనిషిగా చూపడం చిన్న పని కాదు.

అయితే ఆ బంధుత్వాల వరుసనే మరొకసారి గమనించాలి. చాంతిసిరి, అడవి చాంతిసిరి, బోధిసిరి ముగ్గురూ తమను తండ్రి, భర్త, సోదరుడు, కుమారుడు మొదలైనవారితోనే పరిచయం చేసుకొన్నారు. స్థవిరుడు దివ్యను అడిగినది కూడా ఈ పేర్లనే. చెప్పడానికి ఆ పేర్లు ఉన్న స్త్రీ స్తంభంపై నిలిచింది. అవి లేని స్త్రీ ద్వారం బయటే ఆగిపోయింది. దాతల శాసనాలు దాసి మాటను నమోదు చేయవు, ఆమె వద్ద దానమివ్వడానికి ఏమీ లేదు గనుక.

అందుచేత ‘దివ్య’ను తొలగించిన పట్టికలో మిగిలేది శరణు దొరికినవారి చరిత్ర మాత్రమే. ఇక్ష్వాకుల శాసనపాఠాలను పక్కన ఉంచుకొని ఆ నవలను, వెంటనే బాపిరాజు నవలను చదవడం గోష్ఠికి మేలైన క్రమం. ‘సిద్ధార్థ’ చివరకు వచ్చినా నష్టం లేదు. సంఘాన్ని వదలి వెళ్లగలిగినవాని కథను, సంఘంలోనికి రాలేకపోయినదాని కథ తరువాత చదివితే, ఆ వదలి వెళ్లడం కూడా అందరికీ దక్కని స్వేచ్ఛ అని బోధపడుతుంది.