ఒకే గొంతులో రెండు స్వరాలు

మెటల్ సంగీతంలో ఒకే గాయని ఒకే పాటలో తేటగా పాడి, మరుక్షణమే గర్జించటం ఇవాళ ఆ సంగీతం వినేవారందరికీ తెలిసిన విషయమే. ఇది 2000 తర్వాత పుట్టిన వింత అని కొందరూ, ఫలానా గాయనితో మొదలైందని మరికొందరూ వాదిస్తూ వుంటారు. “మొట్టమొదట ఎవరు?” అన్న ప్రశ్నకు జవాబు దొరికినా దానివల్ల మనకు తెలిసేది స్వల్పం. అంతకంటె ముఖ్యమైన ప్రశ్నలు వేరే వున్నాయి. ఈ రెండు స్వరాలనూ అంతకుముందు ఎవరెవరు పంచుకున్నారు? ఆ పంపకం ఏ ప్రాతిపదికమీద జరిగింది? అది ఎందుకు చెల్లకుండా పోయింది?

మెటల్ కార్ఖానాల నడుమ పుట్టింది. 1970లో మొదటి ఆల్బం వెలువరించిన బ్లాక్ సబ్బాత్ బృందంవారు బర్మింగ్‌హామ్ శ్రామిక కుటుంబాల బిడ్డలు. గిటారు వాయించిన టోనీ అయోమీ ఇనుపరేకుల కార్ఖానాలో పనిచేస్తూ యంత్రం కింద కుడిచేతి రెండువేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఆ వేళ్లకు తొడుగులు తగిలించుకుని, కొంతకాలానికి తీగల బిగువు సడలించి వాయించాడు. ఆ సంగీతపు బరువులో ఆ ప్రమాదానికి కూడా పాలుంది. 1987 నాటికి గొంతు సైతం ఆ బరువును అందుకోబోయింది. ఆ ఏడే బర్మింగ్‌హామ్ ప్రాంతం నుంచి నేపామ్ డెత్ వారి ‘స్కమ్’, ఫ్లోరిడా నుంచి డెత్ బృందం వారి ‘స్క్రీమ్ బ్లడీ గోర్’ వచ్చాయి. పాట రాగాన్ని వదిలి గర్జన అయింది.

అయితే శ్రమలో నుంచి పుట్టినంత మాత్రాన ఏ కళా అన్ని బంధనాల నుంచీ విముక్తం కాదు. ఆ కార్ఖానా మగవాళ్లది. ఆ వేదికా మగవాళ్లదే అయింది. తొలినాటి డెత్ మెటల్ పాటల్లో కొన్ని స్త్రీ శరీరంమీద హింసను వినోదంగా వర్ణించాయి. ఈ సత్యాన్ని దాటవేసి ఆ సంగీతాన్ని తిరుగుబాటు కళ అని పొగిడేవారు సగమే చెబుతున్నారు.

గర్జన పురుషుడికి ప్రకృతి ఇచ్చిన హక్కు అనే నమ్మకం ఒకటి దీనికి తోడైంది. దేహశాస్త్రం ఈ నమ్మకాన్ని బలపరచదు. మామూలు పాటలో స్థాయిని నిర్ణయించేది స్వరతంత్రుల కంపనం. స్త్రీల స్వరతంత్రులు సగటున పొట్టివి గనక వారి స్థాయి హెచ్చు. గర్జనలో స్వరతంత్రులకు పైన వుండే మడతలు, వాటి చుట్టూ వున్న కండరాలు కూడా కంపిస్తాయి. ఆ గరుకుదనం, ఆ లోతు చాలావరకు అక్కడ నుంచి వస్తాయి. ఆ మడతలు స్త్రీకీ వున్నాయి. లేనిదల్లా అభ్యాసానికి అవకాశం. 2005లో న్యూయార్క్ ఉపాధ్యాయిని మెలిస్సా క్రాస్ గొంతు చెడకుండా అరవటం ఎలాగో దృశ్యపాఠంగా విడుదల చేసింది. నేర్పదగిన విద్యను జన్మహక్కు అనటం ఎంత అసంగతం!

స్త్రీలు ఈ రంగానికి ఆలస్యంగా కూడా రాలేదు. 1978లో లండన్‌లో గర్ల్‌స్కూల్ బృందం ఏర్పడింది. 1984లో వార్‌లాక్ బృందం మొదటి ఆల్బంతో జర్మనీకి చెందిన డోరో పెష్ ప్రసిద్ధికెక్కింది. వీరిది రాగమున్న గొంతు. 1986లో హోలీ మోసెస్ వారి ‘క్వీన్ ఆఫ్ సియామ్’లో సబీనా క్లాసెన్ కరకుగొంతుతో అరిచింది. అంటే స్త్రీకి రెండు ద్వారాలు తెరుచుకున్నాయి. ఒకదానిలో నుంచి రావాలంటే గర్జన వదులుకోవాలి. రెండోదానిలో నుంచి రావాలంటే రాగం వదులుకోవాలి.

ఈ స్థితిలో ఒక రాజీ మార్గం బయలుదేరింది. 1991లో ఇంగ్లండుకు చెందిన పారడైజ్ లాస్ట్ ‘గాథిక్’ ఆల్బంలో పురుషుడి గర్జన పక్కన స్త్రీ గానాన్ని చేర్చింది. నార్వేలోని స్టవాంగర్‌కు చెందిన థియేటర్ ఆఫ్ ట్రాజెడీ 1995లో తన మొదటి ఆల్బంలో దాన్ని ఒక పద్ధతిగా స్థిరపరిచింది. రేమండ్ రోహన్యీ గర్జిస్తాడు, లివ్ క్రిస్టీన్ మృదువుగా పాడుతుంది. రసికులు దీనికి ‘అందగత్తె, మృగమూ’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పాటల్లో సౌందర్యం లేదనటం లేదు. కాని ఆ సౌందర్యం ఏ ఏర్పాటు మీద నిలబడిందో చూడాలి. కోపం, కాంక్ష, హింస మగవాడి వంతు. దుఃఖం, పవిత్రత, ఓదార్పు ఆడదాని వంతు. ఇంటిలోని పనుల విభజననే స్వరాల విభజనగా మార్చారు. ఆ ఆల్బం సాహిత్యం శతాబ్దాల నాటి పాత ఇంగ్లీషులో వుండటం నాకు కాకతాళీయంగా కనిపించదు. పాత ఏర్పాటుకు పాత భాష చక్కగా అమరింది.

ఈ విభజనను ఒక్క గొంతులో చెరిపివేసిన వారిలో డాన్ క్రాస్బీని ముందు చెప్పాలి. 1986లో అమెరికాలో డెటాంట్ బృందం తెచ్చిన ‘రికగ్నైజ్ నో అథారిటీ’లో ఆమెది సూటిగా ధిక్కరించే అరుపు. 1991లో ఫియర్ ఆఫ్ గాడ్ పేరున వచ్చిన ‘విథిన్ ద వెయిల్’లో ఆమె పాడుతుంది, గుసగుసలాడుతుంది, అరుస్తుంది. ఒక స్వరం నుంచి మరో స్వరానికి మారేటప్పుడు గోడ కనిపించదు. పాట పగిలి అరుపవుతుంది. ఆమె 1996లో మరణించింది. తన తర్వాత రాబోయే తరాన్ని ఆమె చూడలేదు.

ఇటలీలో ఒపేరా నైన్ బృందంతో కడవేరియా 1995లో ‘ద కాల్ ఆఫ్ ద వుడ్’ తెచ్చింది. అంటే, నార్వేలో రెండు పాత్రలకు పంచిన ఏడే ఇటలీలో ఒక స్త్రీ రెండు పాత్రలనూ తానే ధరించింది. కాలం ఒకటే, దృష్టి వేరు. 1999 చివర కెనడా బాలికల బృందం కిట్టీ ‘స్పిట్’ను వెలువరించింది. మోర్గాన్ లాండర్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. స్త్రీలను చిన్నచూపు చూడటం, ద్వేషం, వేధింపు ఆ పాటలకు వస్తువులు. అవమానం పొందిన పిల్ల ఒకే ఊపిరిలో ఏడుస్తుంది, తిడుతుంది. ఆ వస్తువే ఆ రూపాన్ని కోరింది.

ఇక్కడే విమర్శకుడికి పని. రెండు స్వరాలు వున్నంత మాత్రాన పాట గొప్పది కాదు. చరణంలో అరుపు, పల్లవిలో తీపి అన్న సూత్రాన్ని 2000 తర్వాత ఎన్నో బృందాలు యాంత్రికంగా వాడాయి. తీపి రేడియో కోసం, అరుపు కుర్రకారు కోసం. ఇది రెండు గిరాకీలకు ఒకే సరుకును కట్టివ్వటం. వస్తువు కోరని రూపం అలంకారంగా మిగులుతుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఉక్రెయిన్ బృందం జింజర్. డొనెట్స్క్ ప్రాంతంలో పుట్టిన ఈ బృందం 2014 యుద్ధం తర్వాత ఆ ప్రాంతాన్ని వదలవలసి వచ్చింది. 2016 నాటి ‘పైసీజ్’లో తాత్యానా ష్మైలుక్ నెమ్మదిగా, నిశ్చలంగా ఆరంభిస్తుంది. ఆ నిశ్చలత కింద వున్న ఒత్తిడిని గర్జన బయటపెడుతుంది. 2019 నాటి ‘హోమ్ బ్యాక్’ యుద్ధం ఇల్లు లాక్కున్న వారి పాట. ఇల్లు తలుచుకునే గొంతు, ఇల్లు కూల్చినవాణ్ణి నిలదీసే గొంతు ఒకే మనిషిలో వుండటం అసహజమా? అవి వేరువేరు మనుషుల్లో వుండటమే అసహజం.

ఆర్చ్ ఎనిమీ బృందం చరిత్ర ఇంకొక పాఠం చెబుతుంది. 2001లో ఏంజెలా గాసోవ్ ఆ బృందంతో ‘వేజెస్ ఆఫ్ సిన్’లో గర్జించి స్త్రీ గర్జనకు ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. 2014లో ఆమె స్థానంలోకి అలిస్సా వైట్-గ్లజ్ వచ్చింది. మాంట్రియాల్‌లోని ది అగానిస్ట్ బృందంతో 2007లోనే రెండు స్వరాలనూ మేళవించిన గాయని ఆమె. అయినా ఆర్చ్ ఎనిమీలో ఆమె తేటగొంతుకు ప్రముఖస్థానం దొరకటానికి 2017లో ‘రీజన్ టు బిలీవ్’ దాకా ఆగవలసి వచ్చింది. ద్వారం ఒకటి తెరుచుకోగానే రెండోది దానంతటది తెరుచుకోదు.

మార్కెట్ సంగతి సరేసరి. “ఈ సుకుమారి నుంచి ఇంత గర్జన వస్తుందని మీరు నమ్మరు” అనే ధోరణిలో ఇవాళ గాయనులను అమ్ముతున్నారు. ఆ ఆశ్చర్యమే సరుకు. ఆశ్చర్యం అమ్ముడుపోవాలంటే స్త్రీ సుకుమారి అనే పాత నమ్మకం చెక్కుచెదరకుండా వుండాలి. ‘స్త్రీ ముందు నిలబడిన బృందం’ అనేదాన్ని ఒక సంగీతశాఖగా లెక్కగట్టేవారు కూడా చేస్తున్నది ఇదే. పురుషుడు ముందు నిలబడితే అది శాఖ కాదు, మామూలు సంగీతం!

మృదువుగా మాట్లాడే ఆడదే ఆడదనే తీర్పు మనకూ కొత్త కాదు. గొంతెత్తిన స్త్రీని గయ్యాళి అని, గొంతెత్తిన మగవాణ్ణి వీరుడని పిలిచిన సమాజం మనది. అందుచేత ఈ పరాయి సంగీతం మన చెవులకు కటువుగా తోచినా, దానిలోని వివాదం మనకు పరాయిది కాదు. వినవలసింది అరుపు ఎంత లోతైనదని కాదు, అది ఎవరి పక్షాన, ఎవరిమీద లేచిందని. డాన్ క్రాస్బీ నుంచి ష్మైలుక్ దాకా ఈ గాయనులు మగవాడి ఆయుధాన్ని అరువు తెచ్చుకోలేదు. తమకు సగమే మిగిల్చిన గొంతును పూర్తిగా తిరిగి తీసుకున్నారు.