భయానికి వయోపరిమితి: ‘కోరలైన్’ నవలపై పాఠకాభిప్రాయాలు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
నీల్ గైమన్ రచించిన ‘కోరలైన్’ 2002లో వెలువడిన బాలల నవలిక. భయానకం, అద్భుతం కలగలిసిన ఈ రచనను పెద్దలు భయపడుతూ చదువుతారనీ, పిల్లలు సాహసగాథగా ఆనందిస్తారనీ ఒక అభిప్రాయం స్థిరపడింది. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పిల్లలు భయపడరన్న వాదనకు ఆధారంగా చూపే సంఘటనను, నవలలో ధైర్యానికి ఇచ్చిన నిర్వచనాన్ని పక్కపక్కన ఉంచి చర్చిస్తుంది. తెలుగు మౌఖిక సంప్రదాయంలోని బాలనాగమ్మ కథతో పోల్చి, బాలసాహిత్యంలో భయానికి ఉన్న స్థానాన్ని వివరిస్తుంది.

కీలక పదాలు: బాలసాహిత్యం, భయానక రసం, అద్భుత కల్పన, పాఠక ప్రతిస్పందన, కోరలైన్, బాలనాగమ్మ.

1. ఉపోద్ఘాతం:
బాలసాహిత్యానికి ఉన్న ఒక ప్రత్యేకత ఏమంటే, దానిని రాసేవారు, ప్రచురించేవారు, కొనేవారు, సమీక్షించేవారు అందరూ పెద్దలే. చదివేవారు మాత్రం పిల్లలు. అందువల్ల ఒక బాలల పుస్తకంపై పాఠకాభిప్రాయం అని వ్యవహరించేది చాలావరకు పెద్దల అభిప్రాయమే అవుతుంది. సాధారణ కథల విషయంలో ఈ తేడా పెద్దగా బయటపడదు. భయం గొలిపే కథ వచ్చినప్పుడు మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

మారిస్ సెండాక్ రూపొందించిన ‘వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్’ (1963) బొమ్మల పుస్తకం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. బాలమనస్తత్వవేత్త బ్రూనో బెటెల్‌హైమ్ 1969లో ఒక మహిళా పత్రికలో ఆ పుస్తకాన్ని విమర్శించాడు. అన్నం పెట్టకుండా తల్లి పడుకోబెట్టడం పిల్లల్లో భయాన్ని పెంచుతుందన్నది ఆయన అభ్యంతరం. అప్పటికి ఆయన ఆ పుస్తకాన్ని స్వయంగా చదవలేదు. అదే బెటెల్‌హైమ్ 1976లో ప్రచురించిన తన ప్రసిద్ధ గ్రంథంలో, జానపద కథల్లోని క్రూరత్వం పిల్లల మానసిక వికాసానికి తోడ్పడుతుందని వాదించాడు. పాతకథలోని భయాన్ని సమర్థించిన పండితుడే కొత్తకథలోని భయాన్ని శంకించాడు. ‘కోరలైన్’పై వచ్చిన అభిప్రాయాలను పరిశీలించేటప్పుడు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

2. ఇతివృత్తం:
కోరలైన్ తల్లిదండ్రులతో ఒక పాత ఇంటికి మకాం మారుస్తుంది. ఆ ఇల్లు వాటాలుగా విభజించబడి ఉంటుంది. కింది వాటాలో ఇద్దరు మాజీ నటీమణులు, పై వాటాలో ఎలుకలకు సర్కసు నేర్పుతున్నానని చెప్పే ముసలాయన ఉంటారు. తల్లిదండ్రులు ఇంట్లోనే ఉన్నా పనిలో మునిగి ఉంటారు. ఇంట్లో ఒక తలుపు తీస్తే ఇటుకగోడ ఎదురవుతుంది. ఒకనాడు అక్కడ గోడ ఉండదు. దాని వెనుక అచ్చం అలాంటి ఇల్లే ఉంటుంది. అక్కడ తల్లిలాగే ఉండే ‘మరో అమ్మ’ ఉంటుంది. ఆమె రుచికరంగా వండి పెడుతుంది, అడిగినవన్నీ ఇస్తుంది. ఆమెకు కళ్లుండవలసిన చోట నల్లని గుండీలుంటాయి. కోరలైన్ అక్కడే ఉండిపోవాలంటే ఆమె కళ్లకూ గుండీలు కుట్టించుకోవాలి.

కోరలైన్ నిరాకరించి వచ్చేస్తుంది. ఈలోగా ఆమె తల్లిదండ్రులు మాయమవుతారు. వారి కోసం ఆమె తిరిగి ఆ తలుపు దాటుతుంది. అద్దం వెనుక చిక్కుకున్న ముగ్గురు పిల్లల ఆత్మలను, తల్లిదండ్రులను వెతికి పట్టుకుంటానని మరో అమ్మతో పందెం వేస్తుంది. ఒక నల్లపిల్లి, నడుమ రంధ్రమున్న ఒక రాయి ఆమెకు తోడ్పడతాయి.

3. పెద్దల పఠనం:
వయోజన పాఠకులకు ఈ నవలలో ఎక్కువగా గుర్తుండిపోయేది గుండీల కళ్లు. 1919లో ప్రచురితమైన వ్యాసంలో సిగ్మండ్ ఫ్రాయిడ్, సుపరిచితమైనదే అపరిచితంగా మారినప్పుడు కలిగే ప్రత్యేకమైన భయాన్ని చర్చించాడు. కళ్లు పోతాయన్న భయాన్ని హాఫ్‌మన్ రాసిన ‘ఇసుక మనిషి’ కథ ఆధారంగా వివరించాడు. ‘కోరలైన్’కు ఈ సిద్ధాంతం సహజంగానే సరిపోయింది. 2008లో డేవిడ్ రడ్, రిచర్డ్ గుడింగ్ వేర్వేరుగా రాసిన పరిశోధన వ్యాసాలు ఈ దిశలోనే సాగాయి. మరో అమ్మ ప్రేమలో బిడ్డను మింగేసే గుణాన్ని, బాలిక తన అస్తిత్వాన్ని నిలుపుకునే ప్రయత్నాన్ని ఇటువంటి అధ్యయనాలు వెలికితీశాయి.

నవలకు లభించిన ప్రధాన పురస్కారాలను చూసినా పెద్దల పఠనమే ముందు కనిపిస్తుంది. బాలల విభాగంలో బ్రామ్ స్టోకర్ పురస్కారం, ఉత్తమ నవలికగా హ్యూగో, నెబ్యులా పురస్కారాలు దీనికి దక్కాయి. ఈ మూడింటి ఎంపికలోనూ ఓటు వేసేది భయానక, వైజ్ఞానిక, అద్భుత కల్పనా సాహిత్య రంగాలకు చెందిన రచయితలు, అభిమానులు. అంటే ఈ నవలను మొదట అందలమెక్కించినవారు పిల్లలు కారు, ఆ తరహా సాహిత్యంలో ఆరితేరిన పెద్దలు.

పెద్దలకు భయం ఎందుకు ఎక్కువ అన్నదానికి గైమన్ ఒక వివరణ ఇచ్చాడు. పెద్దలు ప్రమాదంలో ఉన్న ఒక పిల్లను చూస్తారు. పిల్లలు తమలాంటి ఒక పిల్ల సాహసాన్ని చూస్తారు. ఈ వివరణలో నిజముంది. తల్లిదండ్రులైన పాఠకులకు కోరలైన్ రక్షించవలసిన బిడ్డ. పైగా బిడ్డను పట్టించుకోని తల్లిదండ్రుల చిత్రణలో వారు తమను తాము చూసుకునే అవకాశముంది. వారి భయంలో కొంత అపరాధభావం కూడా కలిసి ఉంటుంది.

4. పిల్లలు భయపడరా?
‘పిల్లలు భయపడరు’ అన్న రెండో భాగం మాత్రం ఇంత దృఢంగా లేదు. దీనికి గైమన్ స్వయంగా చెప్పిన ఒక సంఘటనే ఆధారం. ఆయన సాహిత్య ఏజెంటు రాతప్రతి చదివి, ఇది పిల్లల పుస్తకం కాదని, మరీ భయంకరంగా ఉందని అభిప్రాయపడింది. మీ పిల్లలకు చదివి వినిపించి చూడమని ఆయన కోరాడు. ఆమె వినిపించింది. పిల్లలు భయపడలేదు. నవల బాలల పుస్తకంగానే వెలువడింది.

ఈ సంఘటనకు ముగింపు ఏళ్ల తర్వాత దొరికింది. ఆనాడు కథ విన్న కూతురు పెద్దదయ్యాక అసలు విషయం గైమన్‌కు చెప్పింది. ఆమె నిజానికి చాలా భయపడింది. భయపడినట్లు తెలిస్తే తల్లి చదవడం ఆపేస్తుందని, తర్వాత ఏమవుతుందో తెలియదని పైకి చెప్పలేదు.

ఈ సాక్ష్యం పాత నిర్ధారణను తలకిందులు చేస్తుంది. తల్లి ఎదుట చెప్పిన అభిప్రాయం ఆ పిల్ల అసలు అభిప్రాయం కాదు. కథ ఆగకుండా ఉండేందుకు ఆమె వాడిన ఉపాయం. పిల్లల పఠనానుభవాన్ని పెద్దల ద్వారా తెలుసుకునే ప్రతి అధ్యయనానికీ ఇది హెచ్చరిక. మరో సంగతి కూడా ఇందులో ఉంది. భయం, ఆసక్తి ఆ పిల్లలో ఒకేసారి ఉన్నాయి. భయమే ఆసక్తిని పెంచిందని చెప్పినా తప్పులేదు.

5. నవలలో ధైర్యానికి నిర్వచనం:
నవలను జాగ్రత్తగా చదివితే ‘పిల్లలు భయపడరు’ అన్న సమర్థన రచనకే విరుద్ధమని తెలుస్తుంది. తల్లిదండ్రుల కోసం తిరిగి వెళ్తూ కోరలైన్ నల్లపిల్లికి ఒక పాత సంగతి చెబుతుంది. ఒకసారి తండ్రీకూతుళ్లు కందిరీగల తుట్టె దగ్గర చిక్కుకుంటారు. కూతురు పారిపోయేదాకా తండ్రి అక్కడే నిలబడి కుట్టించుకుంటాడు. ఆ తర్వాత, పడిపోయిన కళ్లజోడు కోసం మళ్లీ అక్కడికి వెళ్తాడు. మొదటిసారి నిలబడటం ధైర్యం కాదని, అప్పుడు వేరే దారి లేదని, భయం తెలిసీ తిరిగి వెళ్లడమే ధైర్యమని ఆయన భావన.

నవలకు ఇది కీలకమైన ఘట్టం. కోరలైన్ భయమెరుగని పిల్ల కాదు. భయపడుతూనే తలుపు దాటే పిల్ల. పాఠకురాలైన పిల్లకు భయం కలగకపోతే కోరలైన్ ధైర్యానికి విలువే ఉండదు. కాబట్టి ఈ నవలను భయం లేని పుస్తకంగా సమర్థించేవారు, భయంకరమని పక్కన పెట్టేవారు ఒకే పొరపాటు చేస్తున్నారు. ఇద్దరూ భయాన్ని దోషంగానే భావిస్తున్నారు.

అసలు తల్లిదండ్రుల చిత్రణపై వచ్చే అభ్యంతరాన్నీ ఈ ఘట్టం వెలుగులోనే చూడాలి. పిల్లకు నచ్చిన ఆకుపచ్చ చేతితొడుగులు కొనిపెట్టని తల్లి, నచ్చని వంటలు చేసే తండ్రి చెడ్డవారు కారు. అడిగినవన్నీ ఇచ్చే మరో అమ్మ ప్రేమ స్వాధీనం చేసుకునే ప్రేమ. కోరినదంతా దొరికితే దానికి అర్థముండదని కోరలైన్ గ్రహిస్తుంది. సవతితల్లి కథలతో దీన్ని పోల్చే పాఠకులు ఈ తేడాను గమనించాలి. సవతితల్లి అన్నం పెట్టదు. మరో అమ్మ పెట్టే అన్నంలోనే ప్రమాదముంది.

6. చలనచిత్రం – మారిన పఠనం:
హెన్రీ సెలిక్ దర్శకత్వంలో 2009లో వచ్చిన యానిమేషన్ చిత్రం నవలలో లేని వైబీ అనే బాలుడి పాత్రను చేర్చింది. తెరపై కోరలైన్ ఆలోచనలు వినిపించాలంటే మాట్లాడేందుకు మరొకరు కావాలి. ఆ మేరకు మార్పు సమంజసమే. అయితే నవలాభిమానుల్లో దీనిపై అసంతృప్తి ఉంది. నవల చివర మరో అమ్మ తెగిన చేయి వెంటాడినప్పుడు, కోరలైన్ బొమ్మల విందు పేరుతో పాడుబావిపై బట్ట పరచి, ఒంటరిగానే ఆ చేతిని బావిలో పడేస్తుంది. చిత్రంలో వైబీ సాయం వస్తాడు. పిల్ల ఒంటరితనం తగ్గేసరికి భయం తగ్గింది, దానితోపాటు ఆమె గెలుపు కూడా తగ్గింది.

7. బాలనాగమ్మ కథతో పోలిక:
తెలుగు పాఠకులకు ఈ ఇతివృత్తం పూర్తిగా కొత్తది కాదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు తల్లిని ఎత్తుకుపోతాడు. ఉయ్యాలలో మిగిలిన బిడ్డ బాలవర్ధిరాజు పెరిగి, తల్లిని వెతుక్కుంటూ వెళ్తాడు. ఫకీరు ప్రాణం చిలుకలో ఉందని తెలుసుకుని దానిని సాధిస్తాడు. చెరలో పడ్డ తల్లి, విడిపించే బిడ్డ, వేరొక చోట దాచిన ప్రాణం అన్న మూడు అంశాలకూ ‘కోరలైన్’లో సమాంతరాలున్నాయి. ఇక్కడ చెరలో పడ్డ పిల్లల ఆత్మలు గోలీల్లో, తల్లిదండ్రులు గాజుగోళంలో దాగి ఉంటారు.

బుర్రకథగా, 1942లో చలనచిత్రంగా తెలుగునాట ప్రచారం పొందిన ఈ కథ పిల్లలకు తగునా అన్న ప్రశ్న అప్పుడు ప్రధానం కాలేదు. కారణం కథలో భయం లేకపోవడం కాదు. శ్రోతల మధ్య వయసు గోడ లేకపోవడం. పిల్లలు పెద్దల ఒడిలో కూర్చుని భయపడ్డారు, ఆ పెద్దలూ వారితోపాటు భయపడ్డారు. అచ్చుపుస్తకం పిల్లల సాహిత్యాన్ని వేరుచేసిన తర్వాతే భయానికి వయోపరిమితి విధించవలసిన అవసరం ఏర్పడింది.

8. ముగింపు:
‘కోరలైన్’పై పాఠకాభిప్రాయాల పరిశీలన ద్వారా మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, పెద్దలు భయపడతారు, పిల్లలు భయపడరు అన్న విభజన నిలవదు. ఇద్దరూ భయపడతారు, వారి భయాలు వేరు. రెండోది, పెద్దల ఎదుట పిల్లలు చెప్పే అభిప్రాయాన్ని యథాతథంగా ప్రమాణంగా తీసుకోకూడదు. మూడోది, ఈ నవలలో భయం ధైర్యానికి పునాది. దాన్ని తొలగిస్తే కథే మిగలదు.

తెలుగులో బాలసాహిత్యాన్ని ఎంపిక చేసే ఉపాధ్యాయులు, గ్రంథాలయ నిర్వాహకులు, తల్లిదండ్రులు తరచు వేసే ప్రశ్న ‘ఇది పిల్లలను భయపెడుతుందా?’ అన్నది. భయపెట్టిన తర్వాత కథ వారిని ఎక్కడ వదిలిపెడుతుంది, ఆ సమయంలో పక్కన ఎవరున్నారు అన్నవి అంతకంటే ఉపయోగకరమైన ప్రశ్నలు. భయాన్ని దాచుకుని చివరిదాకా కథ విన్న ఆ చిన్నారికి మొదటి ప్రశ్నతో పనిలేకపోయింది. ఆమెకు కావలసింది కథ పూర్తికావడం.