కొమ్మను ఎండబెట్టే తల్లి పురుగు

ద్రాక్ష పందిరి కింద నిలబడి చూస్తే ఒక్కోసారి తీగలన్నీ పచ్చగా ఉంటాయి, ఒక్క కొమ్మ మాత్రం ఆకులతో సహా వాడి వేలాడుతుంటుంది. ఆ కొమ్మ వెంబడే వేలితో తడుముకుంటూ మొదటివైపు వస్తే ఒకచోట గోరు గాడిలో పడుతుంది. చుట్టూ తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసిన గాడి. కత్తి పెట్టిన గాటు కాదది. స్థేనియాస్ గ్రైసేటర్ అనే పొడుగు మీసాల పెంకుపురుగు రాత్రిపూట దవడలతో కొరికి చేసిన పని. ఒళ్లంతా బూడిద రంగు, మీద తెలుపు, గోధుమ మచ్చలు. ఎండు బెరడు మీద వాలితే పట్టపగలు కూడా కంటికి ఆనదు.

ఆకులు వండిన చక్కెర బెరడు లోపలి పొరలోంచి కిందికి దిగుతుంది. వేళ్లు తాగిన నీరు కర్రలోంచి పైకెక్కుతుంది. ఆడ పురుగు బెరడు దగ్గర ఆగకుండా కర్రలోకీ కొరుకుతుంది. దాంతో రెండు దారులూ తెగి, గాడికి పైన కొమ్మ ఎండిపోతుంది. గాడికి పైనున్న భాగంలో, బెరడు కింద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు పుట్టి తినేది ఆ ఎండుతున్న కర్రనే. దానిలోనే సొరంగం చేసుకుని, దానిలోనే ప్యూపా అవుతుంది. దీని బంధువైన మామిడి కాండం తొలుచు పురుగు పిల్ల బతికున్న మానులో తన దారి తానే వెతుక్కోవాలి. ఇక్కడ మాత్రం పిల్ల పుట్టేలోపే తల్లి అంతా సిద్ధం చేసి పెడుతుంది.

ఇదే విద్య ద్రాక్ష రైతుకూ తెలుసు. కాయ లావెక్కడానికి తీగకు గర్డ్లింగ్ చేస్తాడు. సన్నటి పట్టీలా బెరడు మాత్రమే తీస్తాడు, కర్రకు గాటు పడనివ్వడు. గాయం కొన్ని వారాల్లో పూడుకుంటుంది. ఆ లోపు చక్కెర కిందికి దిగక గుత్తులకు అందుతుంది. రైతు చెయ్యి ఆపిన లోతు దాటి పురుగు పోతుంది. తేడా అంతా ఆ లోతులోనే ఉంది, అదే నాకు అబ్బురం.

ద్రాక్షే కాదు, మల్బరీ, గులాబీ, కాగితంపూల తీగ, క్రోటన్, మామిడి, పనస కూడా దీనికి పనికొస్తాయి. ఒకదానికొకటి పోలిక లేని మొక్కలు. పురుగును అడ్డుకోవడానికి పనసకు, మల్బరీకి పాలు కారతాయి, మామిడికి జిగురు. కొమ్మను ముందే చంపేస్తే ఏ చెట్టు రక్షణైనా చాలావరకు చప్పబడుతుంది. ఇన్ని చెట్లు దీనికి సరిపడటానికి ఆ గాడే కారణమని నాకనిపిస్తుంది.

వాడిన కొమ్మను గాడికి కింద కోసి కాల్చెయ్యాలి. కోసి గట్టు మీద పడేస్తే సరిపోదు. ఎండిన కర్రే పిల్లపురుగుకు తిండి కాబట్టి, అది అక్కడే పెరిగి పెద్దదై బయటికొస్తుంది.