పెట్టే ముందే తేల్చుకోవాలి

సర్కారు కొలువులో ఉన్నవాళ్లు మాత్రమే దరఖాస్తు పెట్టుకోగలిగిన ఉద్యోగాలు కొన్ని ఉంటాయి. ఏదో ఒక కేంద్ర సంస్థలో అకౌంట్స్ ఆఫీసర్ పోస్టో, ఫైనాన్స్ ఆఫీసర్ పోస్టో ఖాళీ అవుతుంది. దానికి పరీక్ష పెట్టి బయటి మనిషిని తీసుకోరు. ప్రభుత్వంలో ఇప్పటికే లెక్కల పని చేస్తున్నవాళ్లు డిప్యుటేషన్ మీద రావచ్చంటూ ఆఫీసులన్నిటికీ సర్క్యులర్ పంపుతారు. అది టపాలో దిగి, ఇన్‌వర్డ్ నంబరు పడి, అడ్మిన్ సెక్షన్ దాటి సీటులో కూర్చున్నవాళ్ల దాకా వచ్చేసరికి ఆఖరు తేదీ ముంచుకొస్తుంది. దాంతో కొందరు హడావిడిగా పెట్టేస్తారు, కొందరు హడావిడిగా వదిలేస్తారు.

మొన్న నాతో ఒకప్పుడు పనిచేసిన అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, హైదరాబాద్‌లోనే పోస్టు. లెవెల్ కూడా ఒకటి ఎక్కువ. ఇంట్లో పెట్టెయ్యమంటున్నారు. మా ఆఫీసర్ గారేమో నువ్వు వెళ్తే ఈ సీటు ఎవరు చూస్తారమ్మా అంటున్నారు. ఏం చెయ్యమంటారు?" అంది. కేంద్ర ప్రభుత్వ అకౌంట్స్ ఆఫీసుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి, మధ్యలో ఒక సంస్థకు డిప్యుటేషన్ మీద వెళ్లి వచ్చినవాణ్ణి కాబట్టి నన్ను అడిగింది. ఫోన్‌లో చెప్పింది కొంతే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, ఆమెలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కనుక.

ముందు సర్క్యులర్‌ను ఆసాంతం చదవాలి. అందరి కళ్లూ పే లెవెల్ దగ్గర ఆగిపోతాయి. అసలు సంగతులు చివరి పేజీల్లో ఉంటాయి. ఎస్‌ఏఎస్ లాంటి అకౌంట్స్ పరీక్ష పాసై ఉండాలా, లేక ఢిల్లీలోని ఐఎస్‌టీఎం శిక్షణ సంస్థలో క్యాష్ అండ్ అకౌంట్స్ శిక్షణ చాలా? ఆఖరు తేదీ నాటికి వయసు 56 దాటలేదా? ఆ శాఖలోనే ప్రమోషన్ వరుసలో ఉన్నవాళ్లు డిప్యుటేషన్‌కు అర్హులు కారన్న షరతు కూడా అక్కడే ఉంటుంది. అన్నిటికన్నా బరువైన వాక్యం మాత్రం ఒకటుంది. దరఖాస్తు పెట్టినవాళ్లను ఆ తర్వాత విరమించుకోనివ్వరు. పెట్టి చూద్దాం, వస్తే అప్పుడు ఆలోచిద్దాం అనే మాటకు ఆ వాక్యం తలుపు మూసేస్తుంది. వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం సెలక్షన్ తర్వాత చేసేది కాదు, దరఖాస్తు మీద సంతకం పెట్టే ముందు చేసేది.

డబ్బు లెక్క పెద్ద కష్టం కాదు. మన జీతం మనం ఉంచుకుని డిప్యుటేషన్ అలవెన్స్ తీసుకోవచ్చు, లేదా ఆ పోస్టు జీతాన్నే ఎంచుకోవచ్చు. ఉన్న ఊళ్లోనే అయితే అలవెన్స్ మూలవేతనంలో 5 శాతం, వేరే ఊరైతే 10 శాతం. 2017 ఉత్తర్వు వీటికి నెలకు 4,500, 9,000 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. డీఏ 50 శాతం పెరిగినప్పుడల్లా ఆ పరిమితి పావు వంతు పెరుగుతుంది. మూలవేతనం 60,000 ఉన్న మనిషి హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్తే నెలకు 6,000 కలుస్తుంది. కానీ హైదరాబాద్ ఎక్స్ తరగతి నగరం, విశాఖ వై తరగతి. ఏడో వేతన సంఘం లెక్కన, డీఏ 50 శాతం దాటాక ఇంటి అద్దె అలవెన్స్ హైదరాబాద్‌లో 30 శాతం, విశాఖలో 20 శాతం. అంటే ఒక చేత్తో వచ్చిన 6,000 ఇంకో చేత్తో పోయింది. సీజీహెచ్‌ఎస్ వైద్యం కొనసాగుతుందా, ప్రభుత్వ క్వార్టర్ ఉంచుకోనిస్తారా అన్నవి సంస్థను బట్టి మారతాయి. వాటిని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లకు మందులు వాడుతున్న కుటుంబానికి ఇది లెవెల్ కంటే పెద్ద విషయం.

గడువు సంగతి కూడా ఇంతే ముఖ్యం. సాధారణంగా మూడేళ్లు, పొడిగిస్తే మొత్తం ఏడేళ్ల వరకు. గడువు ముగిసిన రోజున పొడిగింపు ఉత్తర్వు చేతిలో లేకపోతే మనం రిలీవ్ అయిపోయినట్టే లెక్క. తిరిగొచ్చాక మళ్లీ డిప్యుటేషన్‌కు వెళ్లాలంటే మూడేళ్లు మాతృశాఖలో ఉండాలి. కాబట్టి ఇప్పుడు ఈ పోస్టుకు వెళ్లడమంటే, రాబోయే కొన్నేళ్లలో ఇంతకన్నా మంచిది వచ్చినా దాన్ని వదులుకోవడమే.

ఇవన్నీ కాగితం మీద తేలేవే. కాగితం చెప్పనిది సీటు స్వభావం. దాని గురించి ఎంత మాట్లాడినా తక్కువే అనిపిస్తుంది నాకు.

పే అండ్ అకౌంట్స్ ఆఫీసులో మనం ఖర్చు పెట్టే మనిషికి దూరంగా ఉంటాం. బిల్లు వస్తుంది. మంజూరు ఉత్తర్వు చూస్తాం, బడ్జెట్ ఉందో లేదో చూస్తాం, తేడా ఉంటే అభ్యంతరం రాసి వెనక్కి పంపేస్తాం. ఆ బిల్లు వెనక ఉన్న మనిషి ముఖం మనకు తెలియదు. స్వయంప్రతిపత్తి సంస్థలో ఫైనాన్స్ ఆఫీసర్‌గా కూర్చుంటే ఆ మనిషి బల్లకు అవతల కుర్చీలోనే ఉంటాడు. చాలాసార్లు మన వార్షిక పనితీరు నివేదిక (ఏపీఏఆర్) రాసేదీ ఆయనే. ఆ కొనుగోలు ఎందుకు అత్యవసరమో, ఆ ప్రాజెక్టు ఆగితే ఎంతమంది పరిశోధకులకు స్టైపెండ్ ఆగుతుందో చెప్తాడు. చెప్పేది చాలావరకు నిజమే అయి ఉంటుంది. దాన్ని కాదనడమే కాదు, నిబంధనకు లోబడి ఆ పని ఎలా జరుగుతుందో దారి చూపించడం కూడా ఫైనాన్స్ ఆఫీసర్ పనే. ఈ రెండో విద్యను మాతృశాఖ మనకు నేర్పదు. నేను డిప్యుటేషన్‌కు వెళ్లి నేర్చుకున్నది ఇదే, ఆ సంవత్సరాల విలువ నాకు ఇందులోనే ఉంది.

ఈ దూరం, దగ్గర అన్న ప్రశ్న మన వ్యవస్థకు పాతదే. 1976 వరకు కేంద్ర మంత్రిత్వ శాఖల లెక్కలను చాలావరకు కాగ్ కింది ఆఫీసులే రాసేవి. ఆ ఏడాది ఆ పనిని ఆడిట్ నుంచి వేరుచేసి మంత్రిత్వ శాఖలకే అప్పగించారు. లెక్కలు రాసేవాళ్లు నిర్ణయం చేసేవాళ్ల పక్కకు వచ్చారు. పక్కన కూర్చున్నాక నోరు కట్టుబడిపోతుందేమోనన్న భయం పబ్లిక్ వర్క్స్ ఖాతాల నియమాలు రాసినవాళ్లకు అంతకు ఎంతో ముందే ఉంది. డివిజనల్ అకౌంటెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ కింద పనిచేస్తాడు, అయినా తన అభ్యంతరాలు రాయడానికి అతనికి ప్రత్యేకంగా ఒక రిజిస్టరు ఇచ్చారు. ఇంజినీరు ఆ అభ్యంతరాన్ని కాదని ముందుకు వెళ్లవచ్చు, కానీ కారణం అందులోనే రాయాలి. ఆ తర్వాత ఆడిట్ వాళ్లు ఆ పుస్తకాన్ని చూస్తారు. నాకు ఈ ఏర్పాటంటే గొప్ప గౌరవం. ఒక చిన్న ఉద్యోగి ధైర్యం మీద భారమంతా వేయకుండా, ఆ ధైర్యానికి ఒక పుస్తకం ఆసరాగా ఇచ్చింది.

వెళ్లబోయే సంస్థలో మన అభ్యంతరం రాసుకునే చోటు ఉందా అన్నదే నా దృష్టిలో మొదటి ప్రశ్న. దీనికి జవాబు తెలుసుకునే దారులున్నాయి. కేంద్ర స్వయంప్రతిపత్తి సంస్థల వార్షిక నివేదికలు, ఆడిట్ అయిన లెక్కలతో సహా పార్లమెంటు ముందు ఉంచుతారు. చాలావరకు సంస్థల వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి. గత మూడు నాలుగేళ్ల ఆడిట్ నివేదికలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. బ్యాంకు ఖాతాల సరిపోలిక జరగలేదనో, అడ్వాన్సులు సర్దుబాటు కాలేదనో అదే పేరా ఏటేటా కనిపిస్తుంటే, అక్కడ ఎవరి మాటా చెల్లుబాటు కావడం లేదని అర్థం. గ్రాంటు వినియోగ ధ్రువపత్రం ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లో ఇవ్వాలి. అవి ఎన్ని బకాయి ఉన్నాయో అడగండి. ఇంతకు ముందు ఆ సీటులో ఉన్నాయన గడువు పూర్తి చేశాడా, మధ్యలోనే వెనక్కి వచ్చేశాడా కనుక్కోండి. నేను వెళ్లేముందు మధ్యాహ్నం పూట ఆ ఆఫీసుకు వెళ్లి, అక్కడి సెక్షన్ వాళ్లతో కూర్చుని మాట్లాడాను. క్యాష్ పుస్తకం రాసే మనిషికి తెలిసినంత డైరెక్టర్‌కు తెలియదు.

లెక్కలు గందరగోళంగా ఉన్నాయని భయపడి వెనక్కి తగ్గమని చెప్పడం లేదు. చిక్కుపడిన లెక్కలను బాగుచేయాలని కోరుకునే అధిపతి ఉంటే, అంతకు మించిన సీటు లేదు. అక్కడ మూడేళ్లలో నేర్చుకునేది మాతృశాఖలో పదేళ్లకూ రాదు. అన్నీ సక్రమంగా కనిపిస్తూ, మనిషి కాకుండా సంతకం మాత్రమే కావాలనే చోటుకు మాత్రం ఎంత లెవెల్ ఇచ్చినా వెళ్లొద్దు. ఆ సంతకానికి ఏళ్ల తర్వాత కూడా జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

ఆ అమ్మాయికి ఆడిట్ నివేదికలు చదివి, ఒకసారి ఆ ఆఫీసు చూసి వచ్చి, మనసు ఒప్పితే పెట్టమన్నాను. ఒప్పకపోతే ఇంకొకటి వస్తుందన్నాను. ఇంట్లోవాళ్లు లెవెల్ చూసి చెప్తారు, ఆఫీసర్ తన సెక్షన్ చూసుకుని చెప్తారు. ఇద్దరి మాటా వినాల్సిందే. కానీ రోజూ ఆ ఫైళ్ల మీద సంతకం పెట్టేది తను.

ఇక ఆమె ఆఫీసర్ స్థానంలో ఉన్నవాళ్లకు ఒక మాట. ఇలాంటి దరఖాస్తు సరైన మార్గంలోనే వెళ్లాలి. అడ్వాన్స్ కాపీ పంపుకోవచ్చు గానీ, శాఖ ఆమోదం, విజిలెన్స్ క్లియరెన్స్, ఇంటెగ్రిటీ సర్టిఫికెట్, ఐదేళ్ల ఏపీఏఆర్‌లు జతపడకపోతే దాన్ని పరిశీలించరు. అవన్నీ మీ చేతుల్లో ఉన్నాయి. సీటు ఖాళీ అవుతుందన్న బాధ నిజమైనదే. దానికి మందు ప్రత్యామ్నాయం అడగడం, రిలీవ్ చేయడానికి కొంత వ్యవధి కోరడం. కాగితాన్ని డ్రాయర్‌లో ఉంచి ఆఖరు తేదీ దాటించడం కాదు. సర్క్యులర్ వచ్చిన రోజే నోటీసు బోర్డుకు ఎక్కించండి. దరఖాస్తు వస్తే వారంలోగా పంపండి. పంపలేకపోతే ఎందుకు పంపలేరో ఫైలు మీద రాసి, ఆ ఉద్యోగికి చెప్పండి.