తెరమీది ఆట, తెరచాటు ఆటగాండ్రు: జాజ్ యుగపు సంగీతచిత్రముల ఆస్వాదనము

గ్రామఫోను ప్లేటు అటకకెక్కి చాల కాలమైనది. అయినను 1920 మొదలు రెండు దశాబ్దములపాటు అమెరికాలో విజృంభించిన జాజ్ సంగీతమును శ్రద్ధతో వినువారును, దానికొరకు పుట్టిన నృత్యములను నేర్చువారును, నాటి తొలి సంగీతచిత్రములను వెదకి చూచువారును నేడు పెక్కు దేశములలో కలరు. ఆనాటి ప్రేక్షకులలో నేటికి జీవించియున్నవారు మిక్కిలి అరుదు. కావున ఈ అభిమానమును బాల్యస్మృతి యని కొట్టివేయుటకు వీలులేదు. తాము పుట్టకమునుపటి కళను కోరి తెచ్చుకొన్నవారి అభిమానమిది. దీనిని రసాస్వాదన మనవలెనా, పాతవస్తువులపై మోజనవలెనా?

మోజును గుర్తించుట సులభము. కుచ్చుల గౌను, ముత్యాల సరము, ఈక గ్రుచ్చిన తలకట్టు దొరకినచో అది తృప్తిపడును. 1922లో స్కాట్ ఫిట్జెరాల్డ్ తన కథాసంపుటి పేరిట ప్రచారమునకు దెచ్చిన ‘జాజ్ యుగము’ అను మాట నేడు వేడుకల ఆహ్వానపత్రికలమీద ఎక్కువగ కానవచ్చుచున్నది. రసాస్వాదనమునకు మాత్ర మింతకంటె ఓర్పు కావలెను. ఏలయన, ఆ యుగపు చిత్రములలో తెర నడుమ కూర్చుండబెట్టబడినది యొకటి. కళ నిజముగ నున్నచోటు తరచుగ వేరొకటి.

మొదట వినికిడి సంగతి. 1925 వరకు ధ్వనిముద్రణము విద్యుత్తు సహాయము లేకయే జరిగెడిది. వాద్యకారులందరును ఒక పెద్ద కొమ్ము మూతి యెదుట గుమిగూడి వాయించెడివారు. పెద్ద డప్పు మ్రోగినచో ముద్రించు సూది చెదరును గనుక దానిని దూరముగ నుంచుటయో, మానివేయుటయో జరిగెడిది. అందుచే నాటి ప్లేట్లలో వినవచ్చు తాళవాద్యము ఆ బృందము సభలో వాయించిన దానికి సగపాలైన కాదు. పది అంగుళముల ప్లేటు ఒక ప్రక్క పట్టునది సుమారు 3 నిముషముల సంగీతము. దక్షిణాది విద్వాంసులు రాగమును, కృతిని ఆ కొలతకు కుదించి పాడిన ప్లేట్లను వినినవారికి ఈ నిర్బంధము క్రొత్త కాదు. ఆ నిర్బంధమునందే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 జూన్ 28న షికాగో నగరమున, తన గురువైన కింగ్ ఆలివర్ రచన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ను ముద్రించెను. ప్రారంభమున తోడు వాద్యమేదియు లేక ట్రంపెట్ ఒక్కటే పలుకును. తాళమునకు కట్టుబడని ఆ కొద్ది క్షణముల పలుకు, ఆలాపన యెరిగిన చెవికి అన్యముగ తోచదు. చివర ఒక్క పైస్వరమును నాలుగు ఆవృత్తముల మేర నిలిపి, పిదప దానిని విడిచిన తీరు విన్నవారికి, పాత ప్లేటులోని గరగర తానై మరుగుపడును.

ఈ సంగీతమున ‘స్వింగ్’ అను లక్షణము కలదు. వ్రాతలో సమానముగ కనబడు రెండు స్వరములలో మొదటిది సాగి, రెండవది కురచయగును. చతురశ్రపు నడక తిశ్రమువైపు ఒరగుచున్నట్లుండును. ఎంత ఒరగవలెనో చెప్పు సూత్రము లేదు. కాలము వేగించినకొలది ఆ ఒరపు తగ్గుచుండును. నాలుగెంచు తాళమున చప్పట్లు పడునది రెండవ, నాలుగవ యెంపులపైన. సమముపై చరచు అలవాటు గల చేయి మొదట తడబడును. చెవి తెలిసికొనకమునుపే దీనిని పాదము తెలిసికొనును. జాజ్‌ను కుర్చీలో కదలక కూర్చుండి వినుట తరువాతి తరముల మర్యాదయే గాని, పుట్టుకనాటిది కాదు.

న్యూ ఆర్లియన్స్ నగరపు నల్లజాతివారి నడుమ రూపొందిన ఈ సంగీతమున మొట్టమొదటి ప్లేటు 1917లో వెలువడినది. దానిని వాయించినది తెల్లజాతి బృందము. ఆ పోకడయే చిత్రములకును సంక్రమించినది. 1927 అక్టోబరు 6న న్యూయార్కున విడుదలయైన ‘ది జాజ్ సింగర్’ పేరునకు జాజ్ గాయకుని కథ. అందు అల్ జాల్సన్ ముఖమునకు మసి పూసికొని పాడును. అది చాలవరకు మూకచిత్రమే, జాజ్ అందు స్వల్పము. చరిత్రకొరకు ఒక్కమారు చూచిన చాలును.

1930 నాటి ‘కింగ్ ఆఫ్ జాజ్’ విషయ మట్లు తేలికగ ముగియునది కాదు. పాల్ వైట్మన్ వాద్యబృందము కేంద్రముగ, జాన్ మర్రే ఆండర్సన్ దర్శకత్వమున, ఎరుపు, పచ్చ ఛాయలు మాత్రమే పలుకు రెండు రంగుల టెక్నికలర్ పద్ధతిలో తీసిన వైభవోపేతమైన చిత్రమిది. నిజమైన నీలము పలుకని ఆ రంగులలోనే గెర్ష్విన్ రచన ‘రాప్సొడీ ఇన్ బ్లూ’ను దృశ్యీకరింపబూనిన సాహసము ముచ్చట గొలుపును. బింగ్ క్రాస్బీ యౌవనస్వరము అందు వినబడును. జో వెనూటీ ఫిడేలు, ఎడ్డీ లాంగ్ గిటారు కలిసి మ్రోగు కొద్ది క్షణములు అసలైన జాజ్. అయితే అంతిమదృశ్యమున, అమెరికా సంగీతము కరగి పోతపోయబడు పెద్ద మూసలోనికి ఐరోపా దేశముల పాటలును ఆటలును వరుసగా దిగును, ఆఫ్రికా దిగదు. జాజ్‌కు రాజెవడో చాటిన చిత్రము జాజ్‌కు తల్లి యెవరో జాబితాలో వ్రాయలేదు! 2016లో ఈ చిత్రము శ్రమతో పునరుద్ధరింపబడినది. నేటి ప్రేక్షకుడు ఆ మెరుగెక్కిన రంగులను చూచి సంతోషించుట తప్పుగాదు. ఆ మూసయెదుట మాత్రము ఒక క్షణము ఆగవలెను. కోపించి చిత్రమును త్రోసివేసినచో వెనూటీ, లాంగులను కోల్పోవుదుము. ఆగకపోయినచో చిత్రము చెప్పిన అబద్ధమును నమ్మినవారమగుదుము.

కళ ఉన్నచోటు తెలియుటకు అంతకు ముందటి యేడు, 1929లో, డడ్లీ మర్ఫీ తీసిన రెండు చిన్న చిత్రములు చూడవలెను. ‘సెయింట్ లూయీ బ్లూస్’ యందు బెస్సీ స్మిత్ కలదు. ఆమె నటించిన చిత్రమిదొక్కటే. మగడు విడిచిన దుఃఖమును మధుశాల బల్లకానుకొని ఆమె పాడుచుండగ చుట్టునున్నవారు బృందముగ అందుకొందురు. కథ పలుచనిది, ఆ గొంతు బరువు కథను మరపించును. ‘బ్లాక్ అండ్ టాన్’ యందు డ్యూక్ ఎల్లింగ్టన్ పేద సంగీతకర్తగ నటించెను. వాయిదాలు కట్టనందున అతని పియానోను మోసికొనిపోవుటకు ఇద్దరు వత్తురు. వారిని నవ్వులాటకై అమాయకులుగ, సారాయికి లొంగువారుగ చిత్రించుట నేడు కంటగింపుగ నుండును. కాని అదే గదిలో ఎల్లింగ్టన్, ట్రంపెట్ వాద్యకారుడు ఆర్థర్ వెట్సల్ కలిసి పాటను కూర్చుకొను ఘట్టమున పనివాని ఏకాగ్రతయు, గాంభీర్యమును తప్ప వేరొండు లేదు. ఒకే గదిలో అవమానమును, గౌరవమును ప్రక్కప్రక్కనే యున్నవి. హృద్రోగముతో ఆడి కూలిన నర్తకిగ ఫ్రెడీ వాషింగ్టన్ మరణశయ్యపై ఆ పాటనే కోరును. ఆనాడు ఎల్లింగ్టన్ బృందము వాయించుచుండిన హార్లెం నందలి కాటన్ క్లబ్బులో వేదికమీదివారు నల్లవారు, బల్లలయొద్దివారు తెల్లవారు. ఆ సంగతి తెలిసి చూచినచో ఆ మరణము మెలోడ్రామాగ మిగులదు.

నృత్యమును తెరకెక్కించుటలో రెండు మార్గము లేర్పడినవి. ‘42వ స్ట్రీట్’ (1933) మొదలుగ బస్బీ బర్క్‌లీ కెమెరాను కప్పునకెక్కించి, నర్తకీసమూహమును విచ్చుకొను పూవువలెను, తిరుగు చక్రమువలెను చూపెను. ఒక్కొక్క నర్తకి ఏమి ఆడుచున్నదో చెప్పుట కష్టము, ఆడునది కెమెరా. ఇది నృత్యము కాదని కొందరందురు. ఆ తీర్పు తొందరపాటు. ‘గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933’ చివర, యుద్ధమున పోరాడి వచ్చి ఆర్థికమాంద్యమున తిండికై వరుసలో నిలిచిన సైనికుల కవాతును అదే బర్క్‌లీ అదే నైపుణ్యముతో కూర్చెను. ఎటా మోటెన్ అను నల్లజాతి గాయని కిటికీయొద్ద పాడిన చరణములు ఆ దృశ్యమునకు ప్రాణము. ఇక ఫ్రెడ్ అస్టేర్ మార్గము దీనికి ఎదురు. నర్తకుడు ఆపాదమస్తకము కనబడవలెను. దృశ్యమును ముక్కలు చేయరాదు. కెమెరా అతనితో నడువవలెను. ‘టాప్ హాట్’ (1935)లో జింజర్ రోజర్స్‌తో అతడాడిన ఆట నేటికిని చూచువాని ఊపిరి సవరించును.

అట్టి అస్టేర్‌యే 1936 నాటి ‘స్వింగ్ టైమ్’ లో బిల్ రాబిన్సన్‌కు నివాళిగ ఒక నృత్యమాడుచు ముఖమునకు మసి పూసికొనెను. రాబిన్సన్ అప్పటికి జీవించియే యుండెను. అంతకుముందు సంవత్సరమే ‘ది లిటిల్ కర్నల్’ లో బాలిక షర్లీ టెంపుల్ చేయిపట్టి మెట్లమీద ఆడియుండెను. అయితే ఆ చిత్రమున అతడు ధరించినది సేవకుని వేషము. అస్టేర్ అడుగులలో భక్తి కలదు. ముఖమున మసియు కలదు. ఈ రెంటిలో ఒకదానిని దాచి రెండవదానిని మాత్రమే చెప్పు విమర్శ అర్ధసత్యము.

తెర అంచున ఏమున్నదో చూపుటకు ‘హెల్జాపాపిన్’ (1941) చాలును. హాస్యకథ నడుచుచుండగ, పనివారి దుస్తులలో నున్న కొందరు వాద్యములు దొరికినవారివలె వాయింప మొదలిడుదురు. వంటవారు, పరిచారికలు మొదలగువారు నాలుగు జంటలుగ వచ్చి ‘లిండీ హాప్’ ఆడుదురు. భుజములమీదుగ ఎగిరి, వీపుమీదుగ దొరలి, నేలను తాకినంతనే తాళమునందుకొందురు. ఆట ముగియును, కథ తన దారిన తాను పోవును. ఆ దృశ్యమును తొలగించినను కథకు లోటు రాదు. అట్లే కూర్చిరి. నల్లజాతి కళాకారుల ఘట్టములను దక్షిణ రాష్ట్రముల ప్రదర్శకులు కోసివేయుట ఆ కాలమున వాడుక గనుక, కోతకు అనువుగనే తీయుట పరిశ్రమకు అలవాటైనది. నేడు ఆ చిత్రమును చూచువారిలో పెక్కురు ఆ కొద్ది నిముషములకొరకే చూచుచున్నారు. పేర్లపట్టికలో వారికి ‘హార్లెం కాంగెరూ నర్తకులు’ అని కల్పితనామ మొకటి కట్టబెట్టబడినది. నిజమైన పేర్లివి: ఫ్రాన్సెస్ జోన్స్, విలియం డౌన్స్, నార్మా మిల్లర్, బిల్లీ రికర్, విల్లా మే రికర్, అల్ మిన్స్, ఆన్ జాన్సన్, ఫ్రాంకీ మానింగ్. ఆ నృత్యమును కూర్చినవాడు మానింగ్. రెండేండ్ల తరువాత ‘స్టార్మీ వెదర్’ (1943) లో నటవర్గమంతయు నల్లవారే. అందు నికొలస్ సోదరులు ఒకరినొకరు దాటుచు మెట్లు దిగు ఆటను కోయుటకు ఎవరికిని వీలులేకపోయెను.

స్వదేశమున చోటు చాలనివారిలో కొందరు సముద్రములు దాటిరి. లియాన్ అబీ బృందము 1935లో నాటి బొంబాయి తాజ్‌మహల్ హోటలున వాయించెను. షికాగో పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ షాంఘై మీదుగ కలకత్తా చేరి, గ్రాండ్ హోటలున బృందము నడపి, 1945లో ఆ నగరముననే కన్నుమూసెను. వారి సాహచర్యమున నేర్చిన గోవా వాద్యకారులు పిదప హిందీ చిత్రసీమలో ప్రవేశించిరి. చిక్ చాకొలేట్ అను పేరొందిన ట్రంపెట్ వాద్యకారుడు సి. రామచంద్రకు సహాయకుడై ‘అల్బేలా’ (1951) పాటలకు ఆ ఊపునిచ్చెను. ఆ పాటలు విని తలయూచినవారు హార్లెమునకు ఎంతో దూరమున లేరు.

లిండీ హాప్ పుట్టి పెరిగినది హార్లెం నందలి సవాయ్ నృత్యశాలలో. 1926లో తెరచిన ఆ శాలలో రెండు వేదికలు, వానిపై వంతులుగ వాయించు రెండు బృందములు. కాటన్ క్లబ్బువలె గాక అచ్చట తెల్లవారును నల్లవారును ఒకే నేలపై ఆడిరి. 1958లో అది మూతపడినది. నర్తకులు వేర్వేరు వృత్తులలో చేరిరి. మానింగ్ తపాలాశాఖలో ఉద్యోగియయ్యెను. 1980 తరువాత స్వీడను దేశపు యువకులు కొందరు పాత చిత్రములను మరల మరల చూచి అడుగులను అనుకరింపబూనిరి. రూపము వచ్చినది, ఊపు రాలేదు. జంట యొకరి బరువును మరొకరు ఎట్లు మోయుచున్నారో కెమెరాకు కనబడదు. 1984లో వారు అల్ మిన్స్‌ను స్టాక్‌హోమునకు రప్పించిరి. మరుసటి యేడే అతడు గతించెను. 1986లో కాలిఫోర్నియా నర్తకులిద్దరు మానింగును వెదకి పట్టిరి. డెబ్బదియేండ్లు దాటిన వయసున ఆయన మరల ఆచార్యుడయ్యెను. స్వీడను పల్లె హేరెంగ్‌లో 1982 నుండి వేసవికాలమున జరుగుచు వచ్చిన నృత్యశిబిరము ఆయన రాకతో ప్రపంచకేంద్రమైనది.

హార్లెం ఆట స్వీడనులో నిలుచుట వింతగ తోచువారు మేలట్టూరును తలచుకొనవచ్చును. వేంకటరామశాస్త్రి తెలుగు యక్షగానము ‘ప్రహ్లాద చరిత్రము’ను నృసింహ జయంతినాడు నేటికిని ఆడుచున్నది తంజావూరు సీమ తమిళుల నడుమ. రామప్ప గుడి శిల్పములను, జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ని ఆధారము చేసికొని నటరాజ రామకృష్ణ పేరిణిని పునర్నిర్మించునపుడు ఆయనకు లేని భాగ్యమొకటి స్వీడను యువకులకు లభించినది: ఆడినవాడు సజీవుడై దొరకుట. చేయి పట్టుకొని, బరువు ఎచ్చట విడువవలెనో, మోకాలు ఎంత వంగవలెనో, ఎదుటివారి ముఖమువైపు ఎప్పుడు చూడవలెనో మానింగ్ వారికి చూపెను. 2009లో, తొంబదియైదవ పుట్టినదినమునకు నెలరోజుల ముందు, ఆయన మరణించెను. నార్మా మిల్లర్ 2019 వరకు జీవించెను. ఆయన జన్మదినమైన మే 26న నేడు పెక్కు నగరములలో లిండీ హాప్ ఆడుదురు.