దౌహృదిని మాట

గర్భవతిని మన పూర్వులు దౌహృదిని యనిరి. నాలుగవ మాసమున శిశువు హృదయము వ్యక్తమగును గనుక ఆమె రెండు హృదయములు గలదని సుశ్రుతుడు శారీరస్థానమున చెప్పి, ఆమె కోరికలు తీర్పవలెనని విధించెను. మెచ్చదగినదే. కాని యెందుకు తీర్పవలెను? తీర్పనిచో శిశువు గూనివాడో కుంటివాడో జడుడో యగునట! శ్రద్ధ యంతయు రెండవ హృదయము కొరకే.

కాళిదాసు రఘువంశము మూడవ సర్గలో సుదక్షిణ గర్భచిహ్నములను మనోహరముగా వర్ణించెను. ముఖము లోధ్రపుష్పమువలె పాలిపోయినది, మన్ను రుచించుచున్నది. దిలీపుడు అనురాగవంతుడు. ఆమె కేమి కావలెనో మాటిమాటికి అడుగును. అయితే ఆమెను గాదు, చెలికత్తెలను. సిగ్గుచే ఆమె చెప్పదట. మెదకు సీమవాడైన కొలచల మల్లినాథసూరి వ్యాఖ్యతో ఎన్నో తరములవారు ఆ సర్గను చదివిరి. ఆ సిగ్గును స్త్రీకి భూషణముగా నెంచుట పండితుల వాడుక. మాకు మాత్రమది నోరు కట్టివేసిన మౌనముగా దోచుచున్నది. ఆంగ్లభాషలోను ఇట్టి భర్త కలడు. శార్లట్ పర్కిన్స్ గిల్మన్ 1892లో ప్రకటించిన 'ది ఎల్లో వాల్‌పేపర్' కథలోని బాలింతరాలి మగడు వైద్యుడు, ప్రేమగలవాడు; భార్య చెప్పునది తప్ప సర్వమును అతనికి తెలియును.

అడిగినంతనే చాలునా? వాల్మీకి ఉత్తరకాండలో రాముడు గర్భిణియైన సీతనే సూటిగా అడిగెను. గంగాతీరపు మునుల ఆశ్రమములు చూడవలెనని ఆమె చెప్పెను. ఆ కోరికయే నెపముగా ఆమెను అడవిలో విడిచివచ్చిరి. ఈ ఘట్టమున కరుణరసము గూర్చి గ్రంథములు పుట్టినవి. మనసు విప్పి చెప్పిన మాటయే తన మీదికి వచ్చునను స్త్రీల భయమునకు ఇంతకంటె పెద్ద సాక్ష్యము మాకు కానరాదు.

ఆ భయము నేటికిని తీరలేదు. ప్రసవించిన కొలది దినములకు కారణము లేక కన్నీరు వచ్చుట సాధారణము. రెండు వారములలో తగ్గును. తగ్గక, నిద్రయు ఆశయు పోయి, బిడ్డను చూచినను సంతోషము కలుగనిచో అది కుంగుబాటు అను వ్యాధి. గర్భముతో నున్నప్పుడే మొదలగుటయు కలదు. 2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో వెలువడిన సమీక్ష మన దేశపు 38 పరిశోధనలను కలిపి చూచి, బాలింతలలో నూటికి 22 మందికి ఈ వ్యాధి యున్నట్లు లెక్కకట్టెను. మణికొండ అంతస్తుల మేడలలో ఉద్యోగము చేయు తల్లికి 2017 నాటి చట్టసవరణచే 26 వారముల సెలవు కలదు. ఆ సెలవులో పగలంతయు తలుపు వేసికొని బిడ్డతో ఒంటరిగా నుండువారెందరో! పురుడు పోయవచ్చిన తల్లి ఊరికి మరలును. వేడినీళ్లు, పథ్యము, సాంబ్రాణి పొగ వరకు లోపము లేదు. ఏడ్చినచో మాత్రము "పాలు ఇంకిపోవును" అని మందలింతురు. చూడుడు, ఇచ్చటను బిడ్డ కొరకే.

1987లో కాక్స్, హోల్డెన్, సగోవ్‌స్కీ అనువారు ఎడిన్‌బరో ప్రశ్నావళిని ప్రకటించిరి. పదియే ప్రశ్నలు, గడచిన ఏడు దినములను గూర్చి. పదవది, తన్ను తాను హింసించుకొను తలపు వచ్చినదా యని. దానిలో కవిత్వము లేదు. కాని దిలీపుడు చేయని పని అది చేయును, ఆమెనే అడుగును. ఇక సీత భయమునకు ప్రత్యుత్తరము కొంత చట్టములో కలదు. చికిత్సకు చేరిన తల్లినుండి మూడేండ్లలోపు బిడ్డను సామాన్యముగా వేరుచేయరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో తల్లిని బిడ్డను కలిపియే చేర్చుకొను విభాగము 2009 నుండి కలదు. ఈ సంగతి తెలియకయే యెందరో నోరు మెదపరు.

ఆరవ, పదవ, పదునాలుగవ వారములలో టీకాలకు తల్లి బిడ్డను ఎత్తుకొని వైద్యశాలకు వచ్చును. బిడ్డను తూచుదురు. భర్తను, అత్తగారిని కొంచెము వెలుపల కూర్చుండబెట్టి, ఆ పది ప్రశ్నల తెలుగు కాగితమును అప్పుడే ఆమె చేతికీయవచ్చును. నింపుటకు ఐదు నిమిషములు చాలును.