దుమ్ములో కట్టిన గూడు

మా పిల్లి గడప దాటదు. మాది మూడో అంతస్తు. బాల్కనీకి వల కట్టించాం, వీధి పిల్లుల వాసన కూడా దానికి తెలియదు. అలాంటిది ఈ అద్దె ఇంట్లో దిగిన నాలుగో రోజున మెడ కింద గోక్కోవడం మొదలుపెట్టింది. పేలదువ్వెనతో దువ్వితే మిరియాల పొడిలాంటి నలుసులు రాలాయి. వాటిని తడిపిన తెల్లకాగితం మీద వేశాను. ఒక్కో నలుసు చుట్టూ ఎర్రటి మరక పాకింది. మట్టి అయితే అలా పాకదు. అది నెత్తురు తాగిన పురుగు విసర్జించినది.

పురుగు పేరు ఫ్లీ. మనలో చాలామంది దీన్ని గోమారి అనేస్తారు. కానీ గోమారి చర్మం పట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. ఇది వెంట్రుకల మధ్య పరుగెత్తుతుంది, వేలు దగ్గరకు వస్తే దూకేస్తుంది.

మేం రాకముందు ఇల్లు మూడు నెలలు తాళం వేసి ఉంది. అంతకుముందు ఉన్నవాళ్లకు కుక్క ఉండేదని వాచ్‌మన్ చెప్పాడు. కుక్కా లేదు, మనిషీ లేడు, చుక్క నెత్తురు దొరికే దారి లేదు. మరి మూడు నెలలు ఈ పురుగు ఎక్కడుంది? దీనికి జవాబు వెతుకుతూ పోయిన నాకు కోపం కాస్తా ఆశ్చర్యంగా మారింది. ఇంత చిన్న ఒంట్లో అంత పనితనం నేను ఇంకెక్కడా చూడలేదు.

ముందు దాని ఆకారం చూడండి. పొడవు రెండు మిల్లీమీటర్లు. రెండు పక్కలా అదిమినట్టు పలచగా ఉంటుంది, అందుకే ఒత్తైన బొచ్చులో కూడా సులువుగా దూరిపోతుంది. ఒంటి మీది ముళ్లన్నీ వెనక్కి వాలి ఉంటాయి. ముందుకు పోవడానికి అవి అడ్డురావు, వెనక్కి లాగితే మాత్రం వెంట్రుకలకు తగులుకుంటాయి. చెంప కింద ఒక ముళ్ల వరుస, మెడ వెనక మరొకటి, అచ్చం దువ్వెన పళ్లలా ఉంటాయి. పిల్లి ఫ్లీ శాస్త్రీయ నామం టెనోసెఫాలిడెస్ ఫెలిస్. అందులో మొదటి మాటకు దువ్వెన తల అనే అర్థం. 1665లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ తన 'మైక్రోగ్రాఫియా' పుస్తకంలో ఫ్లీని మడత విప్పి చూడాల్సినంత పెద్దగా, దాదాపు అడుగున్నర పొడవున అచ్చువేయించాడు. ఒక్కో వెంట్రుక, ఒక్కో కీలు, కవచంలా ఒకదాని మీద ఒకటి ఎక్కిన పలకలు ఆ బొమ్మలో కనిపిస్తాయి. అసహ్యించుకునే పురుగును అంత ఓపికతో చూసిన ఆ కళ్లకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

దీనికి పేరు తెచ్చింది దూకుడు. పిల్లి ఫ్లీ ఒక్క గెంతులో దాదాపు జానెడు దూరం పోతుంది. కండరం ఎంత బలమైనదైనా అంత వేగంగా ముడుచుకోలేదు. అందుకే ఫ్లీ ముందు రొమ్ములోని రెసిలిన్ అనే రబ్బరులాంటి పదార్థాన్ని నొక్కిపెట్టి, గొళ్లెం వేసినట్టు ఆపి, ఒక్కసారిగా వదులుతుంది. ఆ బలం నేలకు అందేది తొడ మొదట్లోనా, కాలి కొసనా అన్న వాదం దశాబ్దాలు సాగింది. 2011లో కేంబ్రిడ్జిలో శాస్త్రవేత్తలు మాల్కం బరోస్, గ్రెగరీ సటన్ వేగంగా తీసే కెమెరాతో చూసి, నేలను తన్నేది కాలి కొసేనని తేల్చారు.

అయినా నా ఓటు దూకుడుకు కాదు. జానెడు దూకే పురుగు మూడో అంతస్తుకు దూకి రాలేదు కదా. దాన్ని మా పిల్లి దాకా తెచ్చింది దాని గూడు.

ఆడ ఫ్లీ రోజుకు నలభై దాకా గుడ్లు పెట్టగలదు. పేను ఈరులా అవి వెంట్రుకకు అంటుకోవు. నున్నగా ఉండి, జంతువు పడుకున్న చోటల్లా జారిపోతాయి. వాటితోపాటే పెద్ద పురుగులు విసర్జించిన ఎండు నెత్తురూ రాలుతుంది. గుడ్డులోంచి వచ్చే పిల్లకు కళ్లుండవు, కాళ్లుండవు. వెలుతురు గిట్టదు. తివాచీ అడుగుకో గచ్చు పగుల్లోకో పాకి, ఆ నెత్తురు పొడి తిని పెరుగుతుంది. అమ్మ పిల్లను ఎన్నడూ చూడదు, అయినా తిండి పైనుంచి అందుతూనే ఉంటుంది!

పెరిగిన పిల్ల నోటితో పట్టుదారం తీసి తన చుట్టూ అల్లుకుంటుంది. హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లు చూసినవారికి గూడంటే నిగనిగలాడే వస్తువు. ఫ్లీ గూడు దానికి పూర్తిగా ఎదురు. దారం జిగురుగా ఉంటుంది. చుట్టూ ఉన్న ఇసుక, దుమ్ము, నూలుపోగులు దానికి అంటుకుంటాయి. చివరికి అది చీపురు వదిలేసిన దుమ్ము ఉండలా మిగులుతుంది. మందు చల్లినా లోపలికి సరిగా దిగదు.

పట్టుపురుగు రెక్కల పురుగుగా మారాక గూట్లో ఆగదు, చీల్చుకుని వచ్చేస్తుంది. ఫ్లీ ఆగుతుంది. రెక్కలు లేని ఆ పురుగు పూర్తిగా తయారై కూడా, కాళ్లు ముడుచుకుని, నెలల తరబడి అలాగే ఉండగలదు. బయటికొస్తే నెత్తురు లేకుండా కొద్ది రోజులకు మించి బతకదు. గూట్లో ఉన్నంతసేపూ దాని ఖర్చు బహు తక్కువ. అందుకని రుజువు దొరికేదాకా తలుపు తీయదు. ఆ రుజువు అడుగు బరువు, ఒంటి వేడి. మేం సామాను దించి, బీరువా జరిపి, పిల్లిని నేల మీద వదిలిన రోజే మూడు నెలల కాపలా ముగిసింది.

ఇంట్లోనే ఉండే పిల్లిని చేరడానికి ఫ్లీకి ఇంకా దారులున్నాయి. చుట్టపుచూపుగా వచ్చిన కుక్క, వాడిన సోఫా, ఎలుక, మన ప్యాంటు అంచు, ఏదైనా చాలు. వైద్యం గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కుక్కలకు వేసే పెర్మెత్రిన్ మందు పిల్లికి విషం, ప్రాణమే పోవచ్చు. పశువుల డాక్టరు పిల్లికని ఇచ్చిందే వాడాలి. దాంతోపాటు వారాల తరబడి ఊడ్చాలి, పరుపు గుడ్డలు వేడినీళ్లలో ఉతకాలి. గూళ్లన్నీ ఒక్కరోజే తెరుచుకోవు కదా.

ఊడుస్తుంటే బీరువా వెనక మూలలో గోధుమగింజ కన్నా చిన్న దుమ్ము ఉండ ఒకటి దొరికింది. భూతద్దంలో ఇసుక రేణువుల మధ్య సన్నని తెల్లదారం మెరిసింది. దాన్ని చిన్న గాజుసీసాలో వేసి మూత బిగించి, అరచేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాను. కాసేపు ఏమీ జరగలేదు. సీసా నా ఒంటి వేడికి వెచ్చబడింది. ఉండ ఒక కొస కదిలింది, ఒక కాలు బయటికొచ్చింది. నేను కళ్లార్పేలోపు మూత లోపల టిక్కుమని చప్పుడైంది.